మాధవరంలో పక్క మంచం గొడవ

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్లి అమరవీరుల స్తూపం మీద రాసుకురమ్మన్నారు ఎడిటరుగారు. ఇంటికొకరు ఫౌజుకెళ్లిన ఊరని మిలిటరీ మాధవరం అన్నారు. స్తూపం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను మాత్రం ఊరి బయట మట్టిబాట మీద ఆగిపోయాను. అక్కడో రిటైర్డు హవల్దారు కుర్రాళ్లను పరుగెత్తిస్తున్నాడు. అయిదున్నర నిమిషాల్లోపు 1.6 కిలోమీటర్లు పూర్తిచేస్తే భర్తీలో 60 మార్కులు. స్టాప్‌వాచ్ మీద ఆయన బొటనవేలు బిగుసుకుని ఉంది. ముందొచ్చినవాణ్ణి మెచ్చుకుంటాడనుకున్నాను.

"పక్కవాణ్ణి వదిలేసొచ్చావేంట్రా? వెళ్లి లాక్కురా!" అని కసిరాడు.

నాలుగేళ్ల కొలువుకు సైన్యంలో చేరి, సెలవు మీద వచ్చిన అగ్నివీర్ ఒకడు పక్కనే నిలబడి ఉన్నాడు. "మాకు ఏడాదికి 30 రోజులే సెలవు బాబాయ్, పక్క మంచం రెగ్యులర్ సిపాయికి 90. పోనీ, సర్దుకుంటాం. నాలుగేళ్లయ్యాక నలుగురిలో ఒకణ్ణే ఉంచుతామంటే, నాకు తెలిసిన కిటుకు పక్కోడికి ఎందుకు చెబుతాను?"

హవల్దారు మాట్లాడలేదు. వాచీ మళ్లీ సున్నాకి తిప్పాడు.

2022లో ఈ నాలుగేళ్ల కొలువు పథకం, అగ్నిపథ్, ప్రకటించినప్పటి నుంచీ పత్రికల్లో వాదనంతా పింఛను చుట్టూనే. మొదటి ఏడాది నెలకు 30 వేలు, చేతికొచ్చేది 21 వేలు. నాలుగేళ్లు నిండాక ఒకేసారి సుమారు 11.71 లక్షలు. అంకెలు అందరికీ వచ్చు. సైన్యం సగటు వయసు తగ్గాలన్న వాదననూ కొట్టిపారేయను. పోటీ పెడితే పని పెరుగుతుందన్న లెక్క పరుగుపందెంలో నిజమే. కానీ సిపాయి పనిలో చాలాభాగం ఎవరూ చూడనిది: రాత్రి రెండింటికి పహరా, బురదలో కందకం, రైఫిలు తుడవడం, నడవలేనివాడి మూట తన భుజానికెత్తుకోవడం. వీటికి మార్కులెవరు వేస్తారు? పదిమంది సెక్షన్‌లో మాట పడకూడదన్న పట్టుదలే వాటిని చేయించేది. ఆ పదిమందినే ఒకరికొకరు పోటీదారుల్ని చేసి, పైగా పనితనం పెంచుతున్నామనడం నాకు చిరాకు తెప్పిస్తుంది.

2023 మొదట్లో శిక్షణకు చేరిన తొలి జట్టుకు నాలుగేళ్లు నిండగానే ఎవరుండాలో, ఎవరు పోవాలో తేలుస్తారు. మీ రోజుల్లో మంచి సిపాయి ఎవరో ఎలా తెలిసేదని హవల్దారుని అడిగాను.

"రాత్రి పెట్రోలింగుకి ఎవరితో వెళ్తావని అడిగితే అందరూ ఒకడి పేరే చెప్పేవారండి. వీళ్లని ఎంచే ఫారంలో ఆ గడి ఉందో లేదో కనుక్కుని రాయండి."