మిద్దె మీద నుంచి

బీదర్ మిద్దెల మీద ఆరేసిన బట్టల పైగా హాక్ జెట్ ఒకటి ఉరుముతూ పోతుంది. పిల్లలు తలెత్తి చూస్తారు. నలభై దాటినవాళ్లు చూడరు, రోజూ వినేదే కదా.

చూసేవాళ్లూ ఉంటారు. ఇది వైమానిక దళ శిక్షణ స్థావరమున్న ఊరు. సూర్యకిరణ్ విన్యాస బృందం 1996లో పుట్టిందిక్కడే. కిరణ్ విమానాలతో మొదలైన ఆ జట్టు 2011లో ఆగిపోయి, కొన్నేళ్లకు హాక్‌లతో మళ్లీ లేచింది. జట్టుకు రెండో జన్మ దొరికింది. మరి మనిషికో?

దళం తలుపు ఇరవైల్లోనే మూసుకుంటుంది. పౌర విమానయానం కాస్త దయ గలది. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. పై హద్దు లేదు. ఇంటర్లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, వైద్య పరీక్ష నెగ్గాలి, 200 గంటలు ఎగరాలి. ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో మాత్రం 65 దాకానే. అంటే ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ చివరి నుంచి తరిగిపోతుంది. హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ యాభై దాటాకే పైలట్ అయ్యాడు. కానీ అతనికి జీతం బెంగ లేదు. ఇక్కడైతే ఫీజు సంగతి ఇంట్లో చెప్పడమే అసలు టేకాఫ్!

కిందనే బిద్రీ పనివాళ్ల వీధి. తుత్తునాగం, రాగి కలిపి పోత పోస్తారు, వెండి పొదుగుతారు. కోట మట్టితో నలుపెక్కించేది మాత్రం చిట్టచివర. అప్పుడే వెండి తళుక్కుమంటుంది.

జెట్ మలుపు తిరిగి వస్తోంది. తడి చొక్కా చేతిలో పట్టుకుని, ఒకాయన తలెత్తాడు.