నోవైలో జరీకి మీటరు పెట్టిన రోజు

డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు నుంచి నోవైకి ఐ-275 మీద వెళ్తుంటే రెండు పక్కలా మంచే. జనవరి చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. మేనల్లుడు ఒక బటన్ నొక్కాడు. కాసేపటికే సీటు వీపుకు వెచ్చగా తగిలింది.

"సీటు గుడ్డ కింద తీగ కుట్టేస్తాం అత్తా, అందులో కరెంటు పారుతుంది" అన్నాడు.

వాడి ఉద్యోగం అదే, కార్ల సీట్లకు వేడి అమర్చడం. ఆ రంగంలో పేరున్న జెన్‌థర్మ్ కంపెనీ ప్రధాన కార్యాలయం నోవైలోనే ఉంది. స్టీరింగ్ మీద చేతులున్నాయో లేదో కనిపెట్టే పొర కూడా తోలు కిందే దాక్కుంటుందట. నేను గద్వాల మగ్గాల మధ్య పెరిగినదాన్ని. గుడ్డలో తీగ అంటే నాకు జరీయే గుర్తొస్తుంది.

శనివారం టాఫ్ట్ రోడ్డులోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చి, బేస్‌మెంట్‌లో వాడి పనిబల్ల దగ్గర కూర్చున్నాం. పెట్టెలోంచి మా అమ్మ పాత చీర తీసి, అంచు మీద మల్టీమీటరు మొనలు ఆనించమన్నాను. ఒకే జరీపోగు మీద జానెడు ఎడంగా పెట్టాడు. మీటరు కూసింది. పట్టుదారానికి చుట్టిన వెండితీగ ఇన్నేళ్ళ తర్వాతా కరెంటును పంపుతోంది! నేను కట్టుకున్న కొత్త చీర అంచు మాత్రం పలకలేదు. అది మెరుపుపూత వేసిన ప్లాస్టిక్ జరీ.

అప్పుడు వాడు చెప్పిన సంగతికి ఒళ్ళు పులకరించింది. 1997లో ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ బట్టల్లో సర్క్యూట్లు కట్టడానికి మన దేశపు పట్టు ఆర్గంజాను ఎంచుకున్నారు. పడుగు మామూలు పట్టు. పేకలో పట్టుదారానికి సన్నని రాగిరేకు చుట్టి ఉంటుంది. పేకపోగులు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉండటంతో ఒక్కో పోగూ విడి తీగగా పనికొచ్చింది. ఇండియాలో ఇలాంటి గుడ్డ కనీసం నూరేళ్ళుగా నేస్తున్నారని వాళ్ళే రాశారు. నేసినవాళ్ళ పేర్లు మాత్రం మనకు అందలేదు.

తర్వాత, గుడ్డతోనే గుండె సంకేతం పట్టొచ్చని చూపడానికి, వెండిపూత నైలాన్ గుడ్డ ముక్క ఎలక్ట్రోడ్‌గా కుట్టిన పట్టీ ఒకటి నా ఛాతీకి కట్టించాడు. గుండె సంకేతం చర్మం మీద మిల్లీవోల్టు అటూఇటూ ఉంటుంది, అంతే. తెర మీద గీత మొదట గజిబిజిగా వచ్చింది. ఆసుపత్రి ఎలక్ట్రోడ్లకు జెల్ ఉంటుంది, పొడిగుడ్డకు ఏముంది? నీళ్ళతో తడిపి బిగించాక అల కుదురుగా కనపడింది. చెయ్యెత్తితే మళ్ళీ చెదిరింది. గుడ్డ చర్మం మీద కాస్త జరిగినా అంతే. పైగా ఉతికేకొద్దీ వెండిపూత అరుగుతుంది.

పట్టీని తిరగేసి చూశాను. ఎలక్ట్రోడ్ ముక్కను విడిగా కత్తిరించి పైన కుట్టారు. ఆ కుట్టు దగ్గరే గుడ్డ ముడత పడుతోంది. గద్వాలలో నూలు ఒంటినీ పట్టు అంచునూ మగ్గం మీదే కలుపుతాం, సూది అక్కర్లేదు. ఎలక్ట్రోడ్‌నూ అలాగే నేతలోనే కలపొచ్చు కదా అన్నాను.

వాడు కాగితం తీశాడు. పడుగు వెడల్పెంత, లోహపు పోగు అచ్చులో తెగకుండా నిలుస్తుందా అని వరసగా అడిగాడు. నమూనా నేయిస్తానన్నాను. నేసినవాళ్ళ పేరు మీ కాగితాల్లో ఉండాలనీ, కూలి మీ ఇంజనీరు గంటకు కట్టే లెక్కలో ఇవ్వాలనీ కూడా చెప్పాను.