బానెట్టు మీద పసుపు బొట్టు

దసరా పోయింది, దీపావళి పోయింది, కార్తీకం నడుస్తోంది. నల్లగొండ, పాలమూరు కార్ల మీద మాత్రం పండగ ఇంకా దిగలేదు. ఏ గల్లీలోకి తొంగిచూసినా బానెట్ల మీద పసుపు బొట్లు, అద్దాల మీద కుంకుమతో గీసిన స్వస్తిక్ గుర్తులు, వైపర్ల కింద ఎండిన జమ్మి ఆకులు, బంపరుకు వేలాడే వడిలిన బంతిపూల దండలు. కొత్త బండ్లు కూడా బాగానే కనిపిస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన నాడే, చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అదిగో ఇదిగో అని వాయిదా వేస్తూ వచ్చినవాళ్లకు ఇంతకన్నా ముహూర్తం ఏం కావాలి? ఆ ఏడు దసరా గాంధీ జయంతి నాడే పడటంతో ముక్క, చుక్క సంగతి ముందురోజే చూసుకోవాల్సి వచ్చింది గానీ, బండి పూజకు ఏ అడ్డూ రాలేదు.

కొత్త బండి తీసుకున్నామంటే ముందు గుట్టకు పోవాలి. నల్లగొండ వాళ్లకు గుట్టంటే యాదగిరిగుట్టే. కొందరు నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని దగ్గరికి తీసుకుపోతారు, పాలమూరు వాళ్లు మన్యంకొండకు. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు పగిలిన కొబ్బరికాయ, గుమ్మడికాయ, బానెట్టు నిండా బొట్లు. అంతా బాగానే ఉంటుంది. వారం పోయాక బానెట్టు చూస్తేనే గుండె కలుక్కుమంటుంది.

పసుపుతో పెద్ద తంటా లేదు. దాని రంగు ఎండకు నిలవదు, కడిగి నాలుగు రోజులు ఎండలో ఉంచితే తనంతట తనే వెలిసిపోతుంది. కుంకుమ అలా కాదు. ఇప్పుడు బజారులో చవకగా దొరికే కుంకుమలో చాలావరకు రసాయనపు రంగే. నూనెతోనో నీళ్లతోనో కలిపి పెట్టిన బొట్టు ఎండలో ఉడికిందంటే తెల్లబండి మీద గులాబీ మచ్చగా కూర్చుంటుంది. నిమ్మరసం పులుపు, కొబ్బరినీళ్ల తీపి కూడా పెయింటు మీద ఎండనివ్వకూడదు. పూజ అయిన సాయంత్రమే ఒక బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే దేవుడేమీ కోప్పడడు. ఇంకా మంచి ఉపాయం, బొట్టేదో ముందు అద్దం మీద పెట్టించండి. గాజు రంగు పీల్చదు. ఎండిన బొట్టును గోరుతో గీకే పని మాత్రం వద్దు. గోరు కన్నా అందులో కలిసిన ఇసుక రేణువు ఎక్కువ పని చేస్తుంది.

ఇసుక మాటొచ్చింది కాబట్టి మన దుమ్ము గురించి రెండు ముక్కలు. ఈ రెండు పాత జిల్లాల నేల ఎక్కువగా గ్రానైటు అరిగి అయిన చెల్క. ఆ ఎర్రమట్టిలో కలిసి ఉండేది క్వార్ట్జు, అంటే పలుగురాయి పొడి. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ లెక్కలో దానిది 7, మామూలు ఇనుప కత్తి కన్నా ఎక్కువ. అటు కారు పెయింటు చూస్తే, ప్రైమరు, రంగు, పైన మెరిసే క్లియర్ కోటు అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కన్నా తక్కువ. పొద్దున లేవగానే పాత బనీను పట్టుకుని ఎండుదుమ్ము మీద బర్రబర్ర తుడిచేవాళ్లను మన ఊళ్లలో గేటుకొకరిని చూస్తాం. అది గరుకు కాగితంతో రుద్దినట్టే. నల్లబండి అయితే ఆర్నెల్లలో ఎండపొద్దున సాలెగూడు గీతలు బయటపడతాయి. డ్రైవరు శుభ్రంగా ఉంచుతున్నాడని యజమాని మురిసిపోతుంటాడు. నిజానికి దుమ్ముతో ఉన్న బండి వీధిలో నిలబడినంత మాత్రాన పెయింటుకు ఏమీ కాదు. తుడిచినప్పుడే అవుతుంది.

ఇక ఇళ్ల ముందు ఈ సంగతి పట్టకపోయినా, ఊళ్లో దుకాణాలకు పట్టింది. నిన్నమొన్నటి దాకా “వాటర్ సర్వీసింగ్” అని ఒకే బోర్డు ఉండేది. ర్యాంపు, ప్రెషర్ పంపు, అడుగు భాగానికి డీజిలు కొట్టడం, అంతే పని. ఆ డీజిలు చల్లే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. చూడటానికి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల రబ్బరు బుష్షులు ఉబ్బి చెడతాయి. ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, ఎక్కడ చూసినా అద్దాల తలుపుల వెనక తెల్లలైట్ల కింద “డీటెయిలింగ్” బోర్డులు, అంటే పెయింటుకు మెరుగుపెట్టి పైన కోటింగు పూసే దుకాణాలు. పనిచేసే పిల్లలు చాలామంది హైదరాబాదులో నేర్చుకుని వచ్చినవాళ్లు. ఒకడు చెప్పిన మాట మాత్రం ఏ బ్రోచరులోనూ ఉండదు: “అన్నా, ఎండల వెట్టి కడుగొద్దే. మన బోరు నీళ్లు ఆరకముందే మరక వడ్తది. కోటింగు ఏసినా గంతే.”

వాడు అసలు సంగతి పట్టుకున్నాడు. మన బండ్ల మెరుపును చంపేది రోడ్డు కన్నా బోరు నీళ్లే ఎక్కువ. చవుడు నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్క ఆరగానే తెల్లటి ఉంగరంలా మిగిలిపోతాయి. మే నెలలో నల్లబానెట్టు చెయ్యి పెట్టలేనంత కాలుతున్నప్పుడు చుక్క ఆరడానికి నిమిషం చాలు. ఆ ఉంగరాన్ని అలాగే వదిలేస్తే క్రమంగా క్లియర్ కోటులోకి తినేసుకుంటూ పోతుంది, ఆపైన పాలిషు తప్ప దారి లేదు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకలను వంచిన ఆ నీళ్ల కథ వేరు, దాన్ని బండి మరకల్లో కలపడం న్యాయం కాదు. ఈ తెల్లమరకల పాపం చవుడుదే. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో అవి తాగేందుకు పట్టుకున్నాక మిగిలితేనే బండి మాట. అంతకన్నా తేలికది ఏసీ పైపు కింద పెట్టిన బకెట్టు. గాలిలోని తేమ చల్లబడి దిగిన నీళ్లు, లవణాలు దాదాపు ఉండవు. చివరి కడుగుకు అవి పోసి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దితే మరక పడదు. వాననీళ్లు పట్టుకున్నా సరే. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, చవుడంతా అందులోనే గూడుకట్టి ఉంటుంది.

సిరామిక్ కోటింగు గురించి అడిగేవాళ్లు ఈ సీజనులో ఎక్కువయ్యారు. కొత్త బండి డెలివరీ నాడే షోరూములో ఏదో ఒకటి అంటగడతారు. టెఫ్లాన్ అనే మాట ఇంకా వినిపిస్తోంది. అట్లపెనానికి అది పట్టుకోవాలంటే మూడొందల డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలి, కారు మీద చేత్తో రుద్దితే పట్టుకునేదేముంది? సిరామిక్ నయం. సిలికా ఆధారంగా చేసిన ద్రవం, ఆరాక పెయింటును గట్టిగా పట్టుకునే పలుచటి పొర అవుతుంది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మట్టి అంతగా అంటుకోదు, కడగడం సులువవుతుంది. అక్కడిదాకా నిజం. “9హెచ్ గట్టిదనం సార్, గీత పడదు” అన్నారంటే మాత్రం ఒక చిరునవ్వు నవ్వండి. ఆ 9హెచ్ పెన్సిల్ పరీక్షలోది. అంత గట్టి పెన్సిల్ ముల్లు గీసినా గీత పడదని దానర్థం, రాతి బండతో పరీక్ష పెట్టారని కాదు. చవుడు మరకల విషయంలోనూ పూర్తి రక్ష ఏమీ లేదు. ముత్యాల్లా నిలిచిన చుక్కలను తుడవకుండా ఎండకు వదిలేస్తే ఒక్కో ముత్యమూ ఒక్కో ఉంగరం అవుతుంది. పదిహేను, ఇరవై వేలు పోసి కోటింగు వేయించి, ఇంటికొచ్చి బోరు పైపుతో మిట్టమధ్యాహ్నం కడిగేవాళ్లను చూస్తే ఆ డబ్బుతో మంచి సోఫా కొనుక్కోవాల్సింది అనిపిస్తుంది.

కోటింగుకు ముందు జరిగే పనే అసలు పని. బంకమన్నులాంటి క్లేతో పెయింటులో దిగిన తారు, ఇనుప రజను లాగడం, మిషనుతో గీతలు తీయడం. సరిగా చేస్తే రెండు రోజులు పడుతుంది, గంటలో అయిపోయిందంటే గీతలు తీయలేదు, నూనెతో పూడ్చారు. రెండు కడుగులకు అవన్నీ మళ్లీ లేచొస్తాయి. ఊరికే అంటున్నానుగానీ, రాయినే అద్దంలా నునుపు చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. నల్లగొండ పక్కనే పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయంలోని నల్లరాతి స్తంభాలు చూడండి. కందూరు చోడుల కాలం నుంచి ఎండావానా చూసినా ఇప్పటికీ వేలు జారుతుంది.

ఇక పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అని ఇంకొకటి. పాలియురేథేన్ ప్లాస్టిక్ పొర, సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల మందం, అంటే పెయింటు మొత్తం కన్నా ఎక్కువ. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలను రాళ్ల, ఇసుక దెబ్బల నుంచి కాపాడటానికి వాడిన టేపు దీనికి పూర్వీకుడు. చిన్న గీతలు ఎండ వేడికి పూడుకుంటాయి కాబట్టి మన ఎండలు దీనికైనా పనికొస్తున్నాయి. బండంతా చుట్టిస్తే లక్ష దాటవచ్చు. విజయవాడ హైవే మీద కంకర లారీల వెనక రోజూ తిరిగేవాళ్లు ముందు బంపరుకు, బానెట్టుకు మాత్రం వేయించుకుంటే సరిపోతుంది. మిగతా వాళ్లకు అది ముచ్చట, తప్పనిసరి కాదు.

వానాకాలం వరి కోతలు నడుస్తున్నాయి. సగం రోడ్డు వడ్లదే. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను ఆరబోసిన వడ్లను తడిపి పోయింది, డిండి దగ్గర శ్రీశైలం రోడ్డును కోసేసింది. ఆ వానలో మునిగిన బండ్ల లోపలి తివాచీలు దుకాణాల ముందు తాడు మీద ఆరాయి. అడుగు ఫోము పూర్తిగా ఆరకుండా సెంటు సీసా కొట్టి మూస్తే ఎండాకాలం దాకా ఆ ముక్కిన వాసన వెంటాడుతుంది. మిర్యాలగూడ వైపు ఇంకో బెడద, రైసుమిల్లుల బూడిద. ఊక కాలిస్తే మిగిలేది ఎక్కువగా సిలికానే. రాత్రి మిల్లు పక్కన నిలిపిన బండిని పొద్దున తుడవకండి, నీళ్లతో జారనివ్వండి. పత్తి లారీల వెనక వెళ్లేవాళ్లు దూది పట్టిందేమోనని రేడియేటరు జాలీ కూడా చూసుకోవాలి.

సీట్ల సంగతి చెప్పకపోతే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు. సద్దుల బతుకమ్మ నాడు రంగులద్దిన గునుగు పూలు వెనక సీట్లో పెట్టుకుని పోతే లేతరంగు సీటు మీద పచ్చా నీలమూ ఇప్పటికీ ఉంటాయి. బాలానగర్ దాటుతుంటే రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు చూసి ఆగనివాడు లేడు. ఆ ఊరి పేరే ఒక సీతాఫలం రకానికి ఉంది మరి. బండిలో కూర్చుని తినడమూ ఆగదు. గుజ్జు పడిన చోట తడిగుడ్డ వెంటనే వేయాలి, గింజలు సీటు పట్టాల కిందికి దొర్లితే సీటు జరగదు. నల్లగొండ బత్తాయి రసమైతే ఇంకా జిగట.

పాలమూరు వైపు కురుమూర్తి స్వామి జాతరకు ట్రాక్టర్లూ కార్లూ పొలాల్లోనే నిలుపుతున్నారు. వడ్డెమాను నుంచి స్వామివారి ఉద్దాలు, అంటే పాదుకలు, బయల్దేరిన రోజు దుమ్ము ఎంత లేస్తుందో పోయినవాళ్లకు తెలుసు. తిరిగొచ్చాక ముందు ప్రెషరు నీళ్లు, తర్వాతే చెయ్యి. ఇక ముందున్నది సంక్రాంతి. విజయవాడ హైవే మీద పంతంగి టోలు గేటు దగ్గర బండ్లు బారులు తీరే ఆ నాలుగు రోజులు చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా సర్వీసింగ్ వాళ్లు నీళ్లు పోసి పంపడమే తప్ప గుడ్డ కూడా పిండరు. పాలిషు పని ఉన్నవాళ్లు మార్గశిరంలోనే, పెళ్లి కార్ల పూలజిగురు వదిలించే గిరాకీ పెరగకముందే, రోజు అడిగి పెట్టుకోండి.