సైలెన్సర్‌కు కట్టిన పట్టీ

ఈసారి పండగ గురించి రాయడం లేదు, పెండ్లి సంబంధాల గురించీ కాదు. బండి సైలెన్సర్ పైపుకు చుట్టే పట్టీ గురించి. మన పిల్లకాయలు కొందరు బుల్లెట్ పైపుకు, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు ఏదో చుట్టుకొని తిరుగుతున్నారు, చూసే ఉంటారు. నేనూ చుట్టినాను. ఈ వయసులో ముసలాయనకు ఇదేం పిచ్చి అనుకుంటారేమో, కారణం ఉంది. నా చదువంతా తమిళ మీడియం, తెలుగు రాత రిటైరైనాక పట్టుబడింది. తప్పులుంటే సర్దుకొని చదవండి.

నా బుల్లెట్ రైల్వేలో అడ్వాన్సు తీసుకొని 1989లో కొన్నది. పైపు కుడి పక్క. రెండేండ్ల కిందట మే నెల లీవుకు కూతురు, మనవరాలు తిరుచ్చికి వచ్చినారు. పాపకు అప్పుడు ఆరేండ్లు. పొద్దున్నే మార్కెట్టుకు ముందర కూర్చోబెట్టుకొని పోయి వచ్చినాను. వాకిట్లో బండి ఆపీ ఆపకముందే పిల్ల కుడి పక్క దూకేసింది. పిక్క పోయి పైపుకు తగిలింది. ఒకే అరుపు.

పక్కింటామె పేస్టు తెచ్చింది, ఇంకొకరు ఇంకు పోయమన్నారు. నా కూతురు ఎవరి మాటా వినలేదు. పిల్లను ఎత్తుకుపోయి కొళాయి కింద కాలు పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు వదిలింది. ఐసు కూడా పెట్టనీలేదు. డాక్టరు చూసి, చేసింది సరి అన్నారు. ఐదు రూపాయల బిళ్ళంత బొబ్బ లేచింది. కూతురు నన్ను ఒక్క మాట తిట్టలేదు. సాయంత్రం మాత్రం, "నాయనా, పాప ఇంక ఆ బండెక్కదు" అనింది. అంతే.

ఆ రాత్రి నా భార్య కుడికాలి పిక్క చూపించింది. అక్కడ ఒక నల్లటి మచ్చ ఉంది. 1991లో ఇదే బండి, ఇదే పైపు. అప్పుడు నేను "చూసి దిగకూడదా" అన్నానంట. నాకు జ్ఞాపకం లేదు. ఆమెకు ఉంది.

మరుదినమే పైపుకు ఏదైనా చుట్టాలని బయలుదేరినాను. మొదట గాస్కెట్లు అమ్మే పాత కొట్టుకు పోతే తెల్లటి తాడు, గుడ్డ చూపించినాడు. "ఎంత వేడినైనా తాంగుతుంది సార్" అన్నాడు. చూడగానే గుర్తుపట్టినాను, అది ఆస్బెస్టాస్. నేను స్టోర్స్ గుమాస్తాగా చేరిన రోజుల్లో స్టీమ్ ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయి. బాయిలరు వేడి బయటికి పోకుండా దాని చుట్టూ వేసేది ఇదే. నా చేత్తోనే రిజిస్టర్లో ఎన్నిసార్లు ఎంట్రీ వేసినానో. దాని పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంటే ఇరవై ముప్పై ఏండ్లకు కూడా రోగం బయటపడుతుంది. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోకండి.

ఇప్పుడు వాడేది రెండు రకాలు. ఒకటి ఫైబర్‌గ్లాసు, గాజు నూలుతో నేసిన పట్టీ. ఇంకొకటి బసాల్టు, అంటే నల్లరాతిని కరిగించి తీసిన నూలు, దీన్నే లావా అనీ టైటానియం అనీ పేరు పెట్టి అమ్ముతారు. రెండోది ఎక్కువ వేడికి ఆగుతుంది, పొడి తక్కువ రాలుతుంది, ధర ఎక్కువ. నేను గుమాస్తాను కాబట్టి లెక్క వేసుకొని పోయినాను. పైపు మందం 38 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 12 సెంటీమీటర్లు. చుట్టాల్సిన పొడవు 60 సెంటీమీటర్లు. ఒక అంగుళం పట్టీని పావు వంతు ఒకదానిమీద ఒకటి ఎక్కిస్తే ఒక్కో చుట్టుకు 19 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. 32 చుట్లు, దగ్గర దగ్గర నాలుగు మీటర్లు. రెండు కొనలకూ అదనపు చుట్టు కలిపితే ఐదు మీటర్ల రోలు సరిపోయింది. కొట్టువాడు పది మీటర్లది అంటగట్టాలని చూసినాడు. రెండంగుళాల పట్టీ కారు పైపులకు బాగుంటుంది, బైకు వంపుల్లో ముడతలు పడుతుంది.

చుట్టడంలో ఒకటే ఒడుపు. ఎక్కడ మొదలుపెట్టాలి? మన పాత ఇండ్ల మీద పెంకులు కింది నుంచి పైకి పేరుస్తారు కదా, అదే. సైలెన్సర్ కొసన మొదలుపెట్టి ఇంజన్ వైపుకు ఎక్కాలి. అప్పుడు పై చుట్టు కింది చుట్టును కప్పుతుంది, నీళ్ళూ దుమ్మూ సందులో దూరకుండా జారిపోతాయి. ఫైబర్‌గ్లాసు అయితే బకెట్ నీళ్ళలో నానబెట్టి తడిమీదనే గట్టిగా లాగి చుట్టాలి, ఆరితే బిగుసుకుంటుంది. బసాల్టును కొందరు పొడిగానే చుట్టమంటారు, ప్యాకెట్లో కాగితం చూసుకోండి. కొసలకు స్టెయిన్‌లెస్ స్టీలు టైలు వేసి కటింగు ప్లేయరుతో బిగించాలి. ప్లాస్టిక్ టై వేస్తే మొదటి వీధి దాటకముందే కరిగిపోతుంది. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా. నేను గ్లౌజు ఒక చేతికే వేసినాను, రెండో చేయి రెండు దినాలు గోకుకున్నాను. స్టార్టు చేసిన మొదటి రోజు పొగ వస్తుంది, వాసన వస్తుంది. ఎదురింటాయన బండి అంటుకుందని బకెట్‌తో పరుగెత్తి వచ్చినాడు.

చూడ్డానికి బాగుంది. గర్వంగా పది కిలోమీటర్లు తిరిగి వచ్చి, చేతివేళ్ళతో పట్టీ మీద నీళ్ళు చల్లినాను. చుర్రుమంది. ఒట్టి ఇనుమంత భగ్గున కాలదు గానీ, పిల్ల పిక్కను కాల్చడానికి ఆ వేడి చాలు. అదీకాక సైలెన్సర్ గొట్టం చుట్టకుండానే ఉంది, దిగేటప్పుడు తగిలేది దాదాపు అక్కడే. పట్టీ వేడిని చంపదు, పైపు లోపలే పట్టి ఉంచుతుంది. పొగ చల్లారకుండా వేగంగా బయటికి పోవడం రేసు బండ్లకు కావాలి. కార్లలో పైపు పక్కన వైర్లు, రబ్బరు గొట్టాలు పోతుంటే వాటిని కాపాడడానికి కావాలి. నా బుల్లెట్టుకు రెండూ వద్దు.

అయినా పీకడానికి మనసొప్పలేదు, అట్లే వదిలినాను. ఐప్పసిలో మన పక్క వానలు సంగతి తెలిసిందే కదా. పట్టీ నీళ్ళు పీల్చింది, బండి కడిగినప్పుడల్లా ఇంకా పీల్చింది. పొంగలికి ముందర బండి చప్పుడు మారింది, పట్ పట్ అని. పట్టీ విప్పితే తుప్పు అప్పడాల మాదిరి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. వంపు దగ్గర సూదిమొనంత బెజ్జం. ముప్పై ఏండ్లు నిలిచిన పైపును ఎనిమిది నెలల్లో నేనే తినేసినాను. మెకానిక్కు నవ్వలేదు, నవ్వుంటే బాగుండు.

కాబట్టి మీ పిల్లలు అడిగితే ఇట్లా చెప్పండి. మామూలు ఇనుప పైపుకు, క్రోమ్ వేసింది అయినా, వానలో తిరిగే బండికి వద్దు. పైపు స్టెయిన్‌లెస్ స్టీలుదైతే ఆలోచించవచ్చు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్ 6 బండ్లకు ముట్టుకోనే వద్దు. పైపులో ఆక్సిజన్ సెన్సరు, క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటాయి, వారంటీకి కూడా తగాదా వస్తుంది. ఆయిలు కారే ఇంజనుకు అసలే వద్దు, పట్టీ ఆయిలు పీల్చితే వత్తే.

నేను చివరకు చేసింది వేరు. కొత్త పైపు వేసి, దాని మీద బెజ్జాల స్టీలు రేకు గార్డు క్లిప్పులతో బిగించినాము, పైపుకూ రేకుకూ మధ్య వేలు దూరేంత సందు వదిలి. ఆ సందులో ఆడే గాలే పని చేసేది. సైలెన్సర్‌కు కూడా అట్లాంటిదే ఇంకొకటి. పదిహేను నిమిషాలు నడిపి ఆపి రేకు మీద అరచేయి పెట్టి చూసినాను, పెట్టగలిగినాను. ఆ తరువాతే కూతురికి ఫోను చేసినాను.

పోయిన నెల వచ్చినారు. పాప ఎడమ పక్క నిలబడి "తాతా, ఈ పక్కే కదా ఎక్కేది, దిగేది?" అనింది. కూతురు గడపలో నిలబడి గార్డు వంక చాలాసేపు చూసి, "తొమ్మిదిలోపల వచ్చేయండి" అని లోపలికి పోయింది. నేను కిక్కర్ కొడుతుంటే వెనక నుంచి నా భార్య గొంతు.

"ఈ రేకు ముప్పై ఏండ్ల ముందర యాడ పోయింది?"