కల్లంలో కుస్తీ పాటలు

ఈసారి మందుల గురించి, రేటు గురించి కాదు. పాటల గురించి. అదీ కుస్తీ వాళ్ళు పాడిన పాటల గురించి. నవ్వుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

మిర్చి కల్లంలో ఆరబోసి ఉంది. పదిహేను రోజులుగా రాత్రి కాపలా నాదే. నులక మంచం, దుప్పటి, టార్చిలైటు, ఫోను. మొన్న రాత్రి మా తమ్ముడి కొడుకు హైదరాబాదు నుంచి వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. "పెదనాన్నా, నువ్వూ నాన్నా చూసే కుస్తీ వాళ్ళు పాటలు కూడా పాడారు, విను" అని. నాకూ మా తమ్ముడికీ మాటలు లేక ఆరేళ్ళయింది. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే పంపాడనుకుంటా.

సరే, విన్నా. అది 1985లో అమెరికాలో వచ్చిన క్యాసెట్టు. పేరు 'ది రెజ్లింగ్ ఆల్బమ్'. అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనేవాళ్ళు చూడండి, ఆ కంపెనీ కుస్తీ వాళ్ళ చేత పాడించారు. ఆ ఏడాది మార్చిలోనే న్యూయార్కులో మొదటి రెజిల్‌మేనియా జరిగింది. సిండీ లాపర్ అనే పెద్ద గాయని అప్పటికే వీళ్ళతో కలిసింది. ఆమె పాట వీడియోలో తండ్రి వేషం వేసింది కెప్టెన్ లూ అల్బానో అనే పాత కుస్తీ మనిషే. అలా పాటలకీ కుస్తీకీ వియ్యం కుదిరి, ఈ క్యాసెట్టు పుట్టింది.

మొత్తం పది పాటలు. మొదటి పాటలో హీరోలూ విలన్లూ అందరూ కలిసి గొంతు చించుకున్నారు. రింగులో కుర్చీలతో బాదుకునేవాళ్ళు ఒకే మైకు ముందు! పాటకీ పాటకీ మధ్య కామెంటరీ కూడా ఉంది. అందులో జెస్సీ వెంచురా అనేవాడు మంచోళ్ళ పాటల్ని తెగ వెక్కిరిస్తుంటాడు. ఆ వెక్కిరించినాయనే తర్వాత మిన్నెసోటా రాష్ట్రానికి గవర్నరయ్యాడు.

హిల్‌బిల్లీ జిమ్ అని ఒకడున్నాడు. గడ్డం, భుజాల మీదికి పట్టీలున్న పొలం పంట్లాము. పల్లెటూరోడితో పెట్టుకోవద్దు అని పాడతాడు. నాకు బాగా నచ్చింది, మనవాడే అనిపించింది. నికొలాయ్ వోల్కాఫ్ సంగతి ఇంకా తమాషా. ఆయనది రష్యావాడి వేషం. ఆటకి ముందు రష్యా జాతీయగీతం పాడేవాడు, జనం కేకలేసి తిట్టేవాళ్ళు. అసలు ఆయన రష్యావాడు కాదు, యుగోస్లావియాలో పుట్టినవాడు. అక్కడి కమ్యూనిస్టు పాలన వదిలి వచ్చేసిన మనిషి. పొట్టకూటికి శత్రువు వేషం కట్టాడు. ఈ క్యాసెట్టులో ఆయన పాడింది ప్రేమ పాట.

'రియల్ అమెరికన్' అనే పాట అయితే హల్క్ హోగన్‌దే అనుకుంటారు అందరూ. దాన్ని పాడింది రిక్ డెరింజర్. మొదట కట్టింది బ్యారీ విండమ్, మైక్ రొటుండో అనే జంట కోసం. విండమ్ కంపెనీ వదిలి వెళ్ళాక హోగన్‌కి దక్కింది. బోరు ఒకడు వేస్తే నీళ్ళు ఇంకొకడికి పారినట్టు. డెరింజర్ 2025 మే నెలలో పోయాడు, హోగన్ జూలైలో పోయాడు. జంక్‌యార్డ్ డాగ్ అనే ఇంకో ఆయన 1998లోనే కారు ప్రమాదంలో పోయాడు, కూతురు చదువు పూర్తయిన వేడుక చూసి తిరిగొస్తూ. పాటలో మాత్రం అందరూ నవ్వుతూనే ఉన్నారు.

ఇక మా సంగతి. మా ఊరికి కేబుల్ వచ్చిన కొత్తలో నేనూ తమ్ముడూ పొలం నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కుస్తీ చూసేవాళ్ళం. వాడికి అండర్‌టేకర్ పిచ్చి, నాకు బ్రెట్ హార్ట్. బ్రెట్‌కి ఓవెన్ అని సొంత తమ్ముడు. 1994లో ఆ ఇద్దరికీ పోటీ పెట్టారు, తమ్ముడే గెలిచాడు. మా అమ్మ చూసి, "ఛీ, ఒక కడుపున పుట్టినోళ్ళు అట్లా తన్నుకుంటార్రా?" అంది. మా తమ్ముడు నవ్వి, "అమ్మా, అది ఉత్తుత్తిదే, బయటికొచ్చాక వాళ్ళు బాగానే ఉంటారు" అన్నాడు. మన ఊళ్ళో కురుక్షేత్రం నాటకం ఆడిన రాత్రి భీముడూ దుర్యోధనుడూ తెర వెనక ఒకే బీడీ పంచుకున్నట్టు.

1999లో ఓవెన్ పోయాడు. పైనుంచి తాడుతో రింగులోకి దిగే వేడుకలో కిందపడ్డాడు. ముప్పై నాలుగేళ్ళు. ఆ వార్త చెప్పింది కూడా మా తమ్ముడే. ఆ రోజు ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

అంత కలిసి ఉన్నవాళ్ళం, రెండడుగుల గట్టు దగ్గర విడిపోయాం. నేను దుక్కి దున్నించినప్పుడు ట్రాక్టరు గట్టు కొరికిందని వాడు. ముందే నువ్వు జరిపావని నేను. పెద్దమనుషుల్లో మాటామాటా పెరిగింది. నేను అనకూడని మాట ఒకటి అన్నా. అది ఇక్కడ రాయను. అమ్మ పోయినప్పుడు కర్మ చేసిన పది రోజులూ ఒకే పందిరి కింద ఉన్నాం, అయినా పలకరించుకోలేదు.

ఆ రాత్రి కల్లంలో పాటలు వింటుంటే నాకు ఒకటే అనిపించింది. వాళ్ళది దొంగ తగాదా, కానీ పాట నిజంగానే కలిసి పాడారు. మాది నిజం తగాదా అయ్యింది. దీనికి కథ రాసినోడు ఎవడూ లేడు, మేమే రాసుకున్నాం. మేమే ఆపాలి.

లింకు తమ్ముడికి పంపా. ఆరేళ్ళలో మొదటి మెసేజి అదే. రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

నిన్న తెల్లవారుజామున మబ్బు పట్టింది. ఉరుము విని లేచి పట్టాలు లాగుతున్నా. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మీకు తెలుసు. పట్టా అవతలి కొస ఎవరో పట్టుకున్నారు. టార్చి వేస్తే తమ్ముడు. వాడి కల్లం కప్పి ఇటొచ్చాడు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు, రాళ్ళు పెట్టి కప్పేశాం. నాలుగు చినుకులే పడ్డాయి, కాయ తడవలేదు. వెళ్ళబోతూ, "ఆ రష్యావోడు బానే పాడాడన్నయ్యా" అన్నాడు.

గట్టు ఇంకా అక్కడే ఉంది. మిర్చి అమ్ముడుపోయాక సర్వేకి ఇద్దరం కలిసి అర్జీ పెడదామని అడుగుతా. కొలతలో రెండడుగులు నావైపు తేలినా, వాడివైపు తేలినా ఇక నోరెత్తను. ముందు ఆ రోజు అన్న మాటకి తప్పు ఒప్పుకోవాలి. అది అర్జీ కంటే కష్టం.

మీలో ఎవరికైనా ఇలాంటి గట్టు తగాదా ఉంటే, పట్టా అవతలి కొస పట్టుకునేది ఎవరో ఒకసారి ఆలోచించండి. ఉంటా మరి, ఇవాళ తాలుకాయ ఏరేవాళ్ళు వస్తున్నారు.