లేని ఊళ్ళకు పటాలు

ఉద్యోగంలో దాచుకున్న డబ్బులోంచి లక్షరూపాయలు తీసి అట్లాసు అచ్చువేయిస్తానంది మా అమ్మాయి. అట్లాసంటే బడిపిల్లలది అనుకునేరు! ఈ భూమ్మీద లేని దేశాలకీ, ఎవరూ పుట్టని ఊళ్ళకీ, ఎవరూ మునగని నదులకీనట.

"ఆ డబ్బుతో దుద్దులైనా వస్తాయి గదే" అన్నాను.

"దుద్దులు నేనొక్కదాన్నే పెట్టుకుంటానమ్మా. ఇందులో అయితే ఎంతోమంది తిరుగుతారు" అంది.

తిరగడమంటే ఆటలో. ఆదివారం వస్తే దాని స్నేహితులు నలుగురు మా భోజనాల బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు వీరులూ, మాంత్రికులూ, దొంగలూను. ఏం చేస్తారో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడ్డ అంకెనిబట్టి పని కావడమో, చెడడమో. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి పేర్లతో వచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలమట. అదీ సొంతంగా అచ్చువేసుకున్నదేనట!

ఆ ఆటకి పటం కావాలి. తేనెపట్టులా ఆరు పలకల గదులు గీసి, గదికి ఆరుమైళ్ళు లెక్క పెట్టింది. రోజుకి నాలుగు గదులు నడవచ్చు.

"లేని ఊళ్ళకి మైళ్ళు కూడానా?" అని నవ్వాను. దానికి రోషం వచ్చింది. అమెరికాలో కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ అని ఒకావిడ ఉండేదట. భూగోళం చదువుకుని, టోల్కీన్ కథాలోకానికి 1981లో అట్లాసు వేసింది. 1990లో ఈ ఆటలోని ఒక లోకానికీ వేసింది. "ఆవిడా ఇద్దరు పిల్లల తల్లే" అంది, నాకు తగలాలని.

తగిలింది. కళ్ళజోడు పెట్టుకుని పటం చూశాను. కొండల్లో పుట్టిన నది నడిదేశంలో రెండుగా చీలి, ఒకటి తూర్పు సముద్రానికీ, ఒకటి పడమటి సముద్రానికీ పోతోంది.

"ఇదేం నదే? ఏరులు దారిపొడుగునా వచ్చి కలుస్తాయిగాని, నడిదారిలో ఇలా విడిపోవు. మన గోదావరి చూడు, ధవళేశ్వరం దాటాకేగా గౌతమీ వశిష్ఠా అయింది? సముద్రం దగ్గరపడ్డాకే పాయలు."

మా పుట్టిల్లు వశిష్ఠ గట్టుమీద. ఈ సంగతి నాకెవరూ పాఠం చెప్పలేదు.

అమ్మాయి మొహం మాడిపోయింది. నదిని కదిపితే ఒడ్డునున్న తొమ్మిది ఊళ్ళూ, రేవులూ, బాటలూ కదలాలి. నాలుగు నెలల పని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నోరు మూసుకునుండాల్సింది అనుకుంటూ వంటింట్లో తిరిగాను. మూడోరాత్రి నీళ్ళకని లేస్తే, దీపం పెట్టుకుని నది చెరుపుతోంది.

నమూనా ప్రతి వచ్చాక ఇంకో అవస్థ. రెండు పేజీల మీద పరిచిన పటంలో రాజధాని సరిగ్గా కుట్టులోకి పోయింది! దాన్ని పక్కకి జరిపి, మళ్ళీ ప్రెస్సుకి పంపింది.

రెండువందల ప్రతులు వేస్తే అరవై ఇంకా మంచం కిందే ఉన్నాయి. చీపురు పోవడంలేదని మావారి సణుగుడు. మొదటి ప్రతి నా చేతికిచ్చి లోపలి పేజీ తీసింది. "నదులు సరిదిద్దినవారు" అని నా పేరు! పెళ్ళి శుభలేఖ తరవాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే.

మావారు చదివి, "నీ పుట్టింటి ఇంటిపేరు వేసిందేం?" అన్నారు.

"నదీ పుట్టింటిదే కదండీ!" అన్నాను.