తుపాకీకి చోటెక్కడ?

బర్మింగ్‌హామ్‌లోని మూర్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే కొద్ది నిమిషాల్లోనే స్మాల్‌హీత్. దిగి నాలుగడుగులు వేశామో లేదో తందూరీ రొట్టెల వాసన, ఉర్దూ బోర్డులు, చీరల దుకాణాలు! ఇంగ్లండ్‌లో ఉన్న సంగతి కాసేపు మరచిపోతాం. ఆ సందడికి పక్కనే ఓ రోడ్డుంది. పేరు ఆర్మరీ రోడ్. అంటే ఆయుధాగారం వీధి. ఒకప్పుడు బీఎస్‌ఏ ఫ్యాక్టరీ ఉన్నది ఇక్కడే.

బీఎస్‌ఏ అనగానే మనకు గుర్తొచ్చేది సైకిలు. ఎస్‌ఎల్‌ఆర్ సైకిల్ కోసం ఇంట్లో అలిగిన పిల్లలు మన ఊళ్లలో ఎందరో. కానీ ఆ మూడక్షరాల వెనకున్న అసలు పేరు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో ఈ ఊరి తుపాకుల తయారీదారులు కొందరు కలిసి పెట్టుకున్న కంపెనీ. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులే దాని గుర్తు. తుపాకులకు గిరాకీ తగ్గినప్పుడు సైకిళ్లు చేశారు. 1910లో మోటార్‌సైకిల్ తీసుకొచ్చారు. మళ్లీ యుద్ధమొస్తే మళ్లీ తుపాకులు!

ఆ బండిని చూడాలంటే ఊరి శివార్లలో, విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియానికి వెళ్లాలి. 1984లో మొదలైన ఈ మ్యూజియం 2003లో అగ్నిప్రమాదానికి గురైంది. వందల బండ్లు కాలిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా బాగుచేసి మళ్లీ నిలబెట్టారు. తళతళలాడే క్రోమ్ బండ్ల మధ్య రంగు వెలిసిన ఖాకీ బండి కనిపిస్తే ఆగిపోతాం. అదే బీఎస్‌ఏ ఎం20. 496 సీసీ ఇంజిన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటివి లక్షా 26 వేలు తయారయ్యాయి.

నాతో వచ్చిన మా బాబాయి కొడుకు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ''అన్నయ్యా, అంతా బాగానే ఉంది. మరి తుపాకీ ఎక్కడ పెట్టుకునేవాళ్లు?'' అన్నాడు.

మంచి ప్రశ్నే! వెనక చక్రానికి అటూ ఇటూ సామాన్ల సంచులున్నాయి. పెట్రోలు ట్యాంకుంది. వెనకాల క్యారియర్ ఉంది. తుపాకీకి మాత్రం చోటు లేదు. తుపాకులు చేసే కంపెనీయే చేసిన సైనిక బండి మీద తుపాకీకి చోటు లేదు!

కారణముంది. ఈ బండ్లు నడిపినవాళ్లు ఎక్కువగా డిస్పాచ్ రైడర్లు. అంటే వార్తాహరులు. ఫోన్ తీగలు తెగిపోయినా, వైర్‌లెస్ సందేశాన్ని శత్రువు వింటాడేమోనన్న భయమున్నా కాగితం పట్టుకుని వీళ్లే వెళ్లాలి. వాళ్ల పని కాల్చడం కాదు, చేరడం. అందుకే బ్రిటిష్ రైడర్‌కు సాధారణంగా నడుముకు ఓ రివాల్వర్ ఉండేది. ఆరు తూటాలు, అంతే. తర్వాత తర్వాత చాలామంది చేతికి స్టెన్‌గన్ వచ్చింది. మూడు కిలోల బరువు, భుజానికి తగిలించుకోవచ్చు. దాన్నీ బీఎస్‌ఏ తయారుచేసింది. చవకైనదే కానీ, ఓ చెడ్డ గుణముంది. గట్టిగా కింద పడితే తనంతట తానే పేలే ప్రమాదముంది. గుంతల రోడ్డు మీద బండి నడిపేవాడి వీపున అలాంటిది వేలాడుతోందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఇక రైఫిల్ సంగతి. లీ ఎన్‌ఫీల్డ్ పొడవు 110 సెంటీమీటర్ల పైనే, బరువు నాలుగు కిలోలు. వీపున అడ్డంగా వేసుకోవడమే మార్గం. గతుకు వచ్చినప్పుడల్లా మడమ వెనకసీటుకు తగులుతుంది. గొట్టం చెట్ల కొమ్మలకు చిక్కుకుంటుంది. పడితే ఆ ఇనుము వెన్నుపూస మీదే పడుతుంది. జర్మన్ సైనికులూ తమ మౌజర్ రైఫిళ్లను ఇలాగే వీపున మోసేవారు.

మరి బండికే కట్టేస్తే? అమెరికన్లు ఆ పని చేశారు. హార్లే డేవిడ్‌సన్ డబ్ల్యూఎల్‌ఏ బండికి ముందు చక్రం పక్కన తోలు ఒర అమర్చారు. అందులో థామ్సన్ తుపాకీని పిడి పైకి వచ్చేలా దోపేవారు. గుర్రపు జీనుకు తుపాకీ తగిలించుకున్న పాత అలవాటే ఇది! వీపు తేలికవుతుంది. కానీ బండి ఒకవైపు, మనిషి మరోవైపు పడితే తుపాకీ బండితోనే పోతుంది. వీపున ఉంటే గాయం, బండికి ఉంటే దూరం. ఏది మేలో తేల్చిచెప్పడం కష్టమే.

సినిమాల్లోలా బండి తోలుతూ కాల్చడమన్నది అరుదు. ఒక చేయి యాక్సిలరేటర్ మీద, మరో చేయి క్లచ్ మీద ఉంటే ట్రిగ్గర్ నొక్కేదెవరు? బండి ఆపి, దిగి, గట్టు చాటుకు చేరాకే కాల్పులు. కాల్చడానికి ఇంకో మనిషి కావాలంటే పక్కబండి ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1914లోనే సైడ్‌కార్‌లో విక్కర్స్ మెషిన్‌గన్ బిగించి ప్రత్యేక దళాన్ని తయారుచేసింది. యుద్ధం కందకాల్లోకి దిగిపోవడంతో వాటికి పని తగ్గిపోయింది. రెండో యుద్ధంలో జర్మన్ల బీఎండబ్ల్యూ ఆర్75, సోవియట్ ఎం72 బండ్లు సైడ్‌కార్‌లో మెషిన్‌గన్‌తో పరుగులు తీశాయి.

ఇంతా చేస్తే ఈ రైడర్లను వెంటాడిన శత్రువు వేరే. అది రోడ్డే! బాంబుదాడుల భయంతో వీధిదీపాలు ఆర్పేశారు. బండి లైటుకు ముసుగేసి, సన్నని చీలిక మాత్రం వదిలారు. ఆ చీకట్లో వేగంగా వెళ్లాలి. యుద్ధం మొదలైన తొలి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటార్‌సైకిల్ ప్రయాణికులు చనిపోయారు. అంతకుముందు 21 నెలల్లో ఆ సంఖ్య 1,884. ఈ లెక్కలు తీసి చూపించింది హ్యూ కెయిన్స్ అనే న్యూరోసర్జన్. 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బతగిలి ఆరు రోజులకు కన్నుమూసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'కు చికిత్స చేసిన వైద్యుల్లో ఆయనొకరు. ఆ మరణం ఆయన్ను వదల్లేదు. హెల్మెట్ ఉన్నవాళ్ల తలలు ఎలా నిలబడ్డాయో 1941లో రాసి చూపించారు. అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. రివాల్వర్ కాపాడినవాళ్లెందరో కానీ, ఈ టోపీ కాపాడిన ప్రాణాలు మాత్రం ఎన్నో!

యుద్ధం ఈ వీధినీ వదల్లేదు. 1940 నవంబరు 19 రాత్రి స్మాల్‌హీత్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. 53 మంది కార్మికులు చనిపోయారు. యుద్ధానికి ఎన్నడూ వెళ్లనివాళ్లు, పనిచేస్తున్న చోటే పోయారు.

బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన రెడిచ్ అని ఇంకో ఊరుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిల్లు. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిపెట్టడం వల్ల వచ్చిన పేరది. గుర్తు ఫిరంగి, నినాదం 'తుపాకీలా తయారైనది'. రెండో యుద్ధంలో పారాచూట్‌తో దించే 125 సీసీ బుల్లిబండి 'ఫ్లయింగ్ ఫ్లీ'ని చేసిందీ వీళ్లే. యుద్ధం తర్వాత మన సైన్యం సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలైనా బుల్లెట్ ఇంకా తమిళనాడులో తయారవుతూనే ఉంది.

తిరుగు రైల్లో తమ్ముడు మళ్లీ అడిగాడు. ''అయితే బుల్లెట్ అంటే తూటానే కదన్నయ్యా!'' నిజమే. మన ఊళ్లో మునసబుగారి బండి, పెళ్లికొడుకు అడిగిన బండి, పాలక్యాన్లు మోసే బండి... డుగ్ డుగ్‌మంటూ వెళ్తుంటే ఎవరికి గుర్తొస్తుంది తూటా? అన్నట్టు, బుల్లెట్ ఎక్కేముందు హెల్మెట్ మరచిపోకండి. దాని వెనక ఓ యుద్ధమే ఉంది మరి!